ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన ప్రోగ్రాం

ఆఫీసు మెయిళ్లలో ఆలోచించి రాయాల్సినవి కొన్నే. సోమవారం పొద్దున్నే వెళ్లే నివేదిక, బిల్లు గడువు గుర్తుచేసే నాలుగు వాక్యాలు, సెలవులో ఉన్నానని చెప్పే జవాబు, ఇవన్నీ పేర్లూ తేదీలూ అంకెలూ మారుతూ తిరిగే ఒకే ఉత్తరం. వీటిని చిన్న స్క్రిప్టుకు అప్పగించాల్సిందే అంటాను. అయితే మెయిలు పంపడం ఏ స్క్రిప్టుకైనా తేలికే. పంపకూడని చోట ఊరుకోవడంలోనే దాని పనితనం తెలుస్తుంది. ‘వెకేషన్’ అనే పాత యూనిక్స్ ప్రోగ్రాం కథ ఇందుకు మంచి సాక్ష్యం.

ఆర్పానెట్ అనే తొలినాటి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి రే టామ్లిన్సన్ మెయిలు పంపింది 1971లో. చెప్పిన వేళకు చెప్పిన ఆదేశాన్ని నడిపే ‘క్రాన్’ 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లో ఉంది. ఈ రెండూ కలిస్తే వారం వారం వెళ్లే ఉత్తరానికి మనిషి కూర్చోనక్కర్లేదు. వచ్చిన ఉత్తరానికి దానంతటదే జవాబు వెళ్లడం మాత్రం అంత సులువు కాదు. సెలవులో ఉన్న ఇద్దరి యంత్రాలు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పోతే ఆ వరసకు అంతుండదు. బర్కిలీలో సెండ్‌మెయిల్ అనే మెయిలు ప్రోగ్రాం రాసిన ఎరిక్ ఆల్మనే, ఇలా సెలవు జవాబులిచ్చే వెకేషన్‌నూ రాశాడు. 1986లో వెలువడిన బర్కిలీ యూనిక్స్ 4.3 బీఎస్‌డీలో అది చేరింది. అందులో జవాబు పంపే భాగం ఒక ఫైలును చదివి పంపడమే. తెలివంతా నిషేధాల్లో ఉంది: ఎవరెవరికి జవాబిచ్చిందో రాసి పెట్టుకుంటుంది, మామూలుగా ఒకరికి వారంలో ఒక్కసారే ఇస్తుంది, గ్రహీతల్లో యజమాని పేరు లేకపోతే పలకదు, మెయిలు వ్యవస్థ పంపిన నోటీసులకూ, మూకుమ్మడి ఉత్తరాలకూ బదులివ్వదు. మెయిలు చేరవేతకు సంబంధించిన 1982 నాటి ఎస్ఎంటీపీ నిబంధనల్లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. ఉత్తరం చేరలేదని చెప్పే నోటీసుకు తిరుగు చిరునామా ఖాళీగా వదలమన్నారు, ఆ నోటీసు కూడా చేరలేదంటూ మరో నోటీసు పుట్టకుండా. 2004లో ఆర్ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ నిబంధనల పత్రం ఈ మర్యాదలన్నిటినీ ఒకచోట చేర్చి, యంత్రం పంపిన మెయిలుకు ‘ఆటో-సబ్మిటెడ్’ అనే గుర్తు పెట్టమంది.

ఇంత సులువుగా మెయిలు పంపే వీలు ప్రమాదం కాదా అని అడగవచ్చు. ప్రమాదమే. 1999 మార్చిలో మెలిస్సా అనే వర్డ్ మాక్రో, అవుట్‌లుక్ చిరునామాల్లో మొదటి 50 మందికి తనను తాను పంపుకుంటూ పాకింది. కొన్ని సంస్థలు మెయిలు వ్యవస్థనే ఆపుకోవలసి వచ్చింది. అది దురుద్దేశంతో రాసింది. కానీ సదుద్దేశంతో రాసిన స్క్రిప్టు కూడా హద్దు లేకపోతే చిన్న పొరపాటును వందలమందికి చేరుస్తుంది. అందుకే స్క్రిప్టు వద్దనను, హద్దులతో రాయమంటాను. యంత్రం పంపితే ఆత్మీయత పోతుందన్నది మరో ఆక్షేపణ. సంతాపానికీ క్షమాపణకూ ఉద్యోగం ఇవ్వలేమని చెప్పడానికీ స్క్రిప్టు వాడటం తప్పే, అందులో నాకు సందేహం లేదు. బిల్లు గుర్తుచేసే మెయిలు సంగతి వేరు. డబ్బు కట్టేసినవారికి మళ్లీ కట్టమని రాయడమే అక్కడ అమర్యాద. పంపేముందు ప్రతిసారీ ఖాతా చూసుకునే స్క్రిప్టు, పని ఒత్తిడిలో చూడటం మరచిన మనిషి కన్నా ఆ విషయంలో మర్యాద గలది. స్క్రిప్టు రాయడానికి పట్టే కాలం దానివల్ల మిగిలే కాలం కన్నా ఎక్కువన్న మాట ఏడాదికోసారి వెళ్లే ఉత్తరం విషయంలో నిజం. వారం వారం వెళ్లేదాంట్లో నిమిషాల కన్నా ముఖ్యమైన లాభం ఉంది: ఒకరి పేరు మరొకరి ఉత్తరంలో పడదు, గడువు మరపున పడదు.

కాబట్టి పైథాన్‌లో రాసినా, గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో రాసినా ముందు ఆపే షరతులు రాయండి. పేరో తేదీయో దొరక్కపోతే ఆ మెయిలు ఆగిపోవాలి. ఎవరికి ఎప్పుడు వెళ్లిందో నమోదు ఉండాలి, అదే మెయిలు రెండోసారి వెళ్లకూడదు. ఒక్క విడతలో ఎన్ని పంపాలో పరిమితి పెట్టండి. తెలుగులో పంపేటప్పుడు సబ్జెక్ట్ లైను అవతలి తెర మీద చెదరకుండా వస్తోందో లేదో చూడండి. మొదటి కొన్ని విడతలు మీ సొంత చిరునామాకే పంపుకుని, ప్రతిదీ పూర్తిగా చదివాకే అసలు జాబితాను తగిలించండి.