ప్యాసింజరు రైలు.. ఎక్కితే అవస్థే!

కాజీపేట: కాజీపేట - సికింద్రాబాద్ మార్గంలో ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి వాసులెందరికో ప్యాసింజరు రైలే ఆధారం. ఉద్యోగులు, విద్యార్థులు, కూలీలు, నగరంలోని ఆసుపత్రులకు వెళ్లే రోగులు అందులోనే ప్రయాణిస్తుంటారు. ఆ రైలు సమయానికి గమ్యం చేరకపోతే ఒకరికి హాజరు పోతుంది, మరొకరికి ఆ రోజు కూలి పోతుంది. ఈ దుస్థితికి సిబ్బంది నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. రైల్వే వ్యవస్థలో ప్యాసింజరుకు దక్కుతున్న స్థానమే అసలు కారణం.

లూప్ లైనులో నిరీక్షణ

రైళ్లను పంపడంలో ఒక ప్రాధాన్య క్రమం ఉంటుంది. ప్రీమియం రైళ్లు, సూపర్‌ఫాస్టులు, ఎక్స్‌ప్రెస్‌ల తరువాతే ప్యాసింజరు వంతు. విజయవాడ, బల్లార్ష వైపుల నుంచి వచ్చే రైళ్లు కాజీపేట జంక్షన్‌లో కలిసి ఒకే మార్గంలో సికింద్రాబాద్ వైపు సాగుతాయి. 2023 జనవరిలో విశాఖ వందేభారత్, 2024 సెప్టెంబరులో నాగ్‌పూర్ వందేభారత్ ఈ మార్గంలోకి వచ్చాయి. వెనుక నుంచి వేగంగా వచ్చే రైలుకు దారి ఇచ్చేందుకు ప్యాసింజరును లూప్ లైనులోకి మళ్లించి నిలిపివేస్తారు. నియమాల ప్రకారం గూడ్సుది చివరి స్థానమే అయినా, లూప్ లైనులో పట్టని పొడవైన గూడ్సు వచ్చినప్పుడు దానికీ ప్యాసింజరే దారి ఇవ్వాల్సి వస్తుంది.

పది రూపాయల టికెట్టు ముప్ఫై

కరోనా కారణంగా 2020 మార్చిలో ప్యాసింజర్లు నిలిచిపోయాయి. తిరిగి పట్టాలెక్కినప్పుడు వాటిలో అనేకం ప్రత్యేక రైళ్లుగా, ఎక్స్‌ప్రెస్‌లుగా మారాయి. కనీస ఛార్జీ రూ.10 నుంచి రూ.30కి పెరిగింది. వేగం పెరగలేదు, సౌకర్యాలూ పెరగలేదు. చివరకు 2024 ఫిబ్రవరి నెలాఖరులో పాత ఛార్జీలు పునరుద్ధరించారు. 2020 మార్చిలోనే తొలగించిన వయోవృద్ధుల రాయితీని మాత్రం అప్పుడు కూడా తిరిగి ఇవ్వలేదు.

నీళ్లకూ కరవే

దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లలో అనేకంటికి ప్రయాణంలోనే బోగీలు శుభ్రం చేసే సిబ్బంది ఉంటారు. ప్యాసింజర్లకు సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. బయలుదేరే ముందు చేసిన శుభ్రతే రోజంతా సరిపోవాలి. బయో టాయిలెట్లలో సీసాలు, కవర్లు పడవేస్తే అవి పూడుకుపోతాయి. మరుగుదొడ్లు, వాష్‌బేసిన్లలో నీళ్లు లేవంటూ 2022-23లో దేశవ్యాప్తంగా లక్షకు పైగా ఫిర్యాదులు అందాయని కాగ్ నివేదిక వెల్లడించింది. వాటిలో మూడో వంతు గడువులోగా పరిష్కారం కాలేదని పేర్కొంది.

ప్రయాణికులు ఏం చేయవచ్చు?

ప్రతి బోగీకి ప్రక్కన ఒక నంబరు రాసి ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు దానిని తయారు చేసిన సంవత్సరాన్ని తెలుపుతాయి. బోగీ చివరి భాగంలో గత మరమ్మతు తేదీ, తిరిగి వర్క్‌షాపునకు పంపాల్సిన తేదీ ఉంటాయి. లాలాగూడ, తిరుపతి వర్క్‌షాపులలో ఈ పెద్ద మరమ్మతులు జరుగుతాయి. లోపం కనిపిస్తే రైలు నంబరు, బోగీ నంబరు, సమయం చెప్పి 139కు గానీ, రైల్ మదద్ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు సంఖ్యను తప్పక రాసుకోవాలి. నోటిమాటగా గార్డుకు చెప్పిన లోపం ఆ రైలుతోనే పోతుంది. సంఖ్యతో నమోదైన ఫిర్యాదుకు మాత్రం అధికారులు సమాధానం చెప్పక తప్పదు.