పాత ఎడిషన్‌తో బయాలజీ

నేను ఎంపీసీ మనిషిని. ఇంటర్లో కప్పని కోసే పని తప్పిందని సంబరపడ్డవాణ్ణి. అలాంటిది ఈ మధ్య రాత్రిళ్ళు అంట్లు కడిగాక కూర్చుని మైటోకాండ్రియా గురించి చదువుతున్నాను. కారణం మా ఆవిడ. బాబు బడికెళ్ళడం మొదలెట్టాక నర్సింగ్ చదువుతానంది. ఆ సీటుకి అప్లై చేయాలంటే ముందు కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ మంచి గ్రేడుతో గట్టెక్కాలి.

అక్కడ చెప్పిన పుస్తకం 'కాంప్‌బెల్ బయాలజీ', 12వ ఎడిషన్. కొత్తది కొంటే మా రెండు వారాల సరుకుల డబ్బు దానికే పోతుంది. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేచోట అదే పుస్తకం 9వ ఎడిషన్, 2011 నాటిది, 4 డాలర్లకి దొరికింది. కోఠీ పాత పుస్తకాలతో ఇంజనీరింగ్ లాగించిన నాకు ప్రాణం లేచొచ్చింది. తనకి మాత్రం గుబులు. "మీకేం, బాగానే చెప్తారు. పరీక్షలో తేడా వస్తే పోయేది నా సీటు కదా?" అంది.

న్యాయమైన ప్రశ్నే. ఓ శనివారం లైబ్రరీలో కొత్తదాన్ని పక్కన పెట్టుకుని రెండూ పోల్చి చూశాం.

మారనివే ఎక్కువ. క్రెబ్స్ వలయం 1937లో తేలింది, డీఎన్‌ఏ జంట మెలిక రూపం 1953లో. కణ విభజన, కిరణజన్య సంయోగక్రియ, మెండెల్ బఠాణీలు ఎక్కడికీ పోలేదు. తన మొదటి సెమిస్టర్ సిలబస్ చాలావరకు ఇదే.

మారినవీ ఉన్నాయి. జన్యువుల్ని కోరినచోట కత్తిరించే పనిముట్టుగా క్రిస్పర్‌ని 2012లో చూపించారు, 2020లో దానికి నోబెల్ వచ్చింది. 2011 పుస్తకంలో ఆ సంగతి ఎలా ఉంటుంది? కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలూ అంతే. ఇంకా పాతవాటితో మరీ జాగ్రత్త. 1990ల మొదట్లో మనిషికి లక్ష జన్యువులుండొచ్చని అనుకునేవారు. జీనోమ్ చదివాక ఆ లెక్క 20,000 చిల్లరకి దిగింది. 1956కి ముందైతే మన క్రోమోజోములే 48 అనుకునేవారు. 46 అని తేలింది ఆ ఏడాదే.

తను వెళ్ళి లెక్చరర్‌నే అడిగింది. పాత ఎడిషన్ చాలని, పేజీ నంబర్లు వదిలేసి పాఠం పేరు చూసి చదవమని ఆవిడ చెప్పారు. ఆన్‌లైన్ హోంవర్క్ కోడ్ మాత్రం విడిగా కొనక తప్పలేదు. అయినా బోలెడు మిగిలింది.

సొంత పుస్తకం కాబట్టి మార్జిన్లలో రాసుకునే సుఖం ఒకటి. తను బైపీసీ చదివింది తెలుగు మీడియంలో. మియోసిస్ పక్కన 'క్షయకరణ విభజన' అని పెన్సిల్‌తో రాసుకుంటే పాఠం సగం దానంతటదే గుర్తొస్తోందట. అద్దెకి తెచ్చిన పుస్తకంలో ఆ పని చేయలేం కదా.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా మళ్ళీ చదువు మొదలెడితే, కొనేముందు మూడు సంగతులు కనుక్కోండి: లెక్చరర్ ఒప్పుకుంటారా, కోడ్ విడిగా అమ్ముతారా, ఆ ఎడిషన్ తర్వాత ఏం మారింది. ఈ మూడూ తేలాక, పాతదని మొహమాటపడకండి.