చెరువు నాచు నుంచి ఇంధన వాయువు

మురుగు కలిసిన చెరువులో నత్రజని, భాస్వరం ఎక్కువై నాచు దట్టంగా అల్లుకుంటుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోయి చేపలు చనిపోతాయి. తీసి గట్టున పోస్తే, వానకు ఆ పోషకాలు మళ్ళీ చెరువులోకే చేరతాయి.

ఎండబెట్టి కాల్చవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. తడి నాచులో పదింట తొమ్మిది పాళ్ళకు పైగా నీరే! దాన్ని ఆరబెట్టడానికే బోలెడు ఇంధనం కావాలి. కనుక తడిగానే పులియబెట్టడం మేలు.

రైల్వే కొలువులకు వెళ్ళిన ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లోనే, ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ దేబబ్రత దాస్ బృందం ఈ దారిలో పరిశోధించింది. ఎంటరోబాక్టర్ అనే బాక్టీరియాకు క్లోరెల్లా నాచును ఆహారంగా ఇచ్చి హైడ్రోజన్ తీసింది. అయితే అది చెరువు నాచు కాదు, ప్రయోగశాలలో పెంచినది.

ముందుగా వేడితోనో, పలుచని ఆమ్లంతోనో నాచు కణాల గట్టి గోడలను పగలగొట్టి చక్కెరలను బయటికి రప్పించాలి. ఆ తర్వాత గాలి తగలకుండా బాక్టీరియాను కలపాలి. ఇడ్లీపిండిని పొంగించేది కార్బన్ డయాక్సైడ్. ఇక్కడ దానితోపాటు హైడ్రోజన్ కూడా వస్తుంది. ఈ పద్ధతిలో ఒక గ్లూకోజ్ అణువుకు గరిష్ఠంగా 4 హైడ్రోజన్ అణువులే లభిస్తాయి. మిగిలిన శక్తిలో చాలాభాగం ఎసిటిక్ ఆమ్లం వంటి వాటిలో ఉండిపోతుంది. అసలు లాభం అక్కడుంది: ఆ ద్రవాన్ని గోబర్ గ్యాస్ తొట్టి వంటి దానిలోకి పంపితే మీథేన్ కూడా దక్కుతుంది.

నాచులో నత్రజని ఎక్కువ కనుక అమ్మోనియా పెరిగి బాక్టీరియా మందగిస్తుంది. వరిగడ్డి కలిపితే సర్దుకుంటుంది. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు విషాన్ని తయారుచేస్తాయి. అందుచేత మిగిలిన మడ్డిని పరీక్షించాకే పొలానికి వేయాలి.