ఊయలలో వెన్నుకే చలి యేల?

అమెరికాలో జార్జియానుండి మెయిన్ వరకు సుమారు 3,500 కిలోమీటర్లు సాగు అపలాచియన్ కాలిబాటపై నడచు బాటసారులు పలువురు రాత్రివేళ రెండు చెట్లనడుమ గుడ్డయూయల కట్టుకొని పరుండుదురు. పక్షుల నూగు నింపిన దళసరి సంచిలో దూరియున్నను వారికి వెన్ను మాత్రము గడ్డకట్టునట్లుండుటకు కారణమేమి?

సంచి వేడిని పుట్టించునది కాదు. పుట్టించునది మన శరీరమే. నూగునడుమ చిక్కి కదలక నిలిచిన గాలి ఉష్ణమును సులభముగా పోనీయదు గనుక, ఆ గాలియే నిజమైన కంబళి. శరీరభారముచే వెన్నుక్రింది నూగు అణగిపోగా అందలి గాలి వెడలిపోవును. అడుగున వీచు శీతలవాయువు క్షణక్షణము వేడిని హరించుచుండును. పైన మరి రెండు దుప్పట్లు కప్పుకొనుట, నా దృష్టిలో, వ్యర్థప్రయాసమే.

కావున అనుభవజ్ఞులు నూగుబొంత నొకదానిని ఊయల వెలుపల, అడుగున వ్రేలాడదీయుదురు. దానిపై భారము పడదు గనుక అది అణగదు. అయితే మిక్కిలి బిగించినచో అణగును, మిక్కిలి వదలినచో సందున గాలి దూరును. బొంత లేనివారు వెన్నుక్రింద నురుగుచాప పరచుకొందురు. అది తేలికగా అణగదు గాని, నిద్రలో జారిపోవుట దాని దుర్గుణము. ఊయలపై కప్పుగా కట్టిన టార్పాలిన్‌ను గాలివచ్చు దిక్కున క్రిందికి దించి కట్టవలెను.

ఎంత చలియైనను టార్పాలిన్‌ను నలువైపుల మూసి లోపల పొయ్యి వెలిగింపకుడు. అందు పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు.