గాలిని పాడించే వెదురు

బస్తరు అడవులలోని ఒక వాద్యం, ఒక గ్రామం, ఒక శిల్పి

పిల్లనగ్రోవికి ఊపిరి కావాలి. సన్నాయికి బుగ్గల నిండా గాలి కావాలి. వాదకుని పెదవి సోకకుండానే పలికే వేణువు ఒకటున్నదంటే నమ్మడం కష్టమే. కాని ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తరు ప్రాంతంలో అట్టి వేణువు ఉన్నది. చేత పట్టుకొని గాలిలో ఊపితే చాలు, అది పలుకుతుంది. దానిని సులూర్ అంటారు. పట్టణవాసులు దానికి పెట్టుకున్న పేరు ‘బస్తరు బాఁసురీ’.

ఈ వాద్యాన్ని ఐదు దశాబ్దాలకు పైగా తయారుచేస్తూ వచ్చిన మురియా గోండు శిల్పి పండీరామ్ మండావికి భారత ప్రభుత్వం 2025లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. ఆయన స్వగ్రామం నారాయణపూర్ జిల్లాలోని గఢ్‌బెంగాల్. వెదురుతో వాద్యాలు చేయడమే కాక కొయ్యపై బొమ్మలు చెక్కడంలోనూ ఆయన సిద్ధహస్తుడు. ఈ విద్య ఆయనకు ఏ కళాశాలలోనూ అబ్బినది కాదు. పెద్దల చేతి కదలికలను చూచి నేర్చినది.

వెదురు లోపలి రహస్యం

చూపునకు సులూర్ ఒక చేతికర్ర వంటిది. ఏపుగా పెరిగిన వెదురును ఎంచి, ఆరబెట్టి, లోపలి గోడను నునుపు చేస్తారు. గాలి ఒక అంచునకు తగిలి చీలేటట్లు రంధ్రాన్ని అమరుస్తారు. పిమ్మట కాల్చిన ఇనుప కత్తితో పైపొరను మాడ్చి గీతలు, త్రికోణాలు, చేపలు, పూలు చిత్రిస్తారు. ఊపినపుడు గాలి ఆ అంచున చీలి, గొట్టంలోని వాయుస్తంభాన్ని కంపింపజేస్తుంది. చేయి వేగం హెచ్చితే నాదం బిగ్గరగా లేస్తుంది. మందగిస్తే మంద్రంగా కుంగుతుంది.

ఈ సూత్రాన్ని గ్రహించడానికి జాజ్ బృందాలలోని ట్రాంబోన్‌ను తలచుకోవచ్చు. ఆ ఇత్తడి వాద్యంలో ఒక జారుడు గొట్టం ఉంటుంది. వాదకుడు దానిని ముందుకు జరిపితే గొట్టం నిడివి పెరిగి స్వరం దిగుతుంది; వెనుకకు లాగితే స్వరం లేస్తుంది. అక్కడ మారేది గొట్టం పొడవు. సులూర్‌లో గొట్టం మారదు; మనిషి చేయి మారుతుంది. నడక, భుజం, మణికట్టు — ఇవే దాని మీటలు.

పాత జాజ్ గానముద్రికలను శుద్ధిచేసి మరల విడుదల చేసేటపుడు శబ్ద నిపుణులు తొలగించేవాటిలో ఒకటి వెనుక వినవచ్చే సన్నని హోరు. సులూర్ విషయంలో ఆ హోరే సంగీతం. దానిని తీసివేస్తే మిగిలేది ఉత్త వెదురు.

ఈ వాద్యం వేదికల కోసం పుట్టలేదు. చీకటి దారిన ఒంటరిగా నడిచేవానికి ఇది తోడు. దీని రొదకు అడవి మృగాలు తొలగిపోతాయని నమ్మకం. పశువులను తోలేవారికి, సంతకు పోయేవారికి ఇది చేతికర్ర కూడా. పనిముట్టు, ఆయుధం, ఆటవస్తువు, వాద్యం — నాలుగూ ఒక వెదురులోనే ఇమిడి ఉన్నాయి.

పద్దెనిమిది వాద్యాల దేవుడు

మురియాల సంప్రదాయంలో సంగీతానికి మూలపురుషుడు లింగో. ఆయన ఒక్కడే పద్దెనిమిది వాద్యాలను ఏకకాలంలో వాయించాడని చెప్పుకుంటారు. యువతీయువకులు సాయంవేళ చేరి ఆటపాటలు, కట్టుబాట్లు, పనిపాటలు నేర్చుకొనే ‘ఘోటుల్’ను నెలకొల్పినదీ ఆయనేనని వారి విశ్వాసం. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన ‘ద మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ అనే బృహద్గ్రంథం ఈ వ్యవస్థను ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ వ్యవస్థలో వాద్యం అమ్మకపు సరుకు కాదు. చేసినవాడే వాయించేవాడు, వాయించినవాడే ఆడేవాడు.

గఢ్‌బెంగాల్ పేరు అంతకుముందే ఒకసారి సముద్రాలు దాటింది. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ ఇక్కడి మురియాల నడుమ చిత్రం తీసి 1957లో విడుదల చేశాడు. ఆంగ్లంలో దాని పేరు ‘ద ఫ్లూట్ అండ్ ది యారో’, అనగా వేణువు, బాణము. సంగీతం సమకూర్చినవారు పండిత రవిశంకర్. పులితో చెలిమి చేసిన బాలునిగా తెరపై కనిపించిన చెంద్రూ ఈ గ్రామం పిల్లవాడే. అతడు స్వీడన్ వెళ్ళి వచ్చాడు; పుస్తకాలకెక్కాడు. తిరిగివచ్చిన తరువాత మిగిలిన జీవితం ఆ అడవి పల్లెలోనే సామాన్యునిగా గడిపి, 2013లో కన్నుమూశాడు. బయటి లోకం ఒక కళను మెచ్చుకోవడం వేరు, ఆ కళాకారుని బ్రతుకును నిలపడం వేరు అనే సత్యం గఢ్‌బెంగాల్‌కు ఎప్పుడో బోధపడింది.

విడివిడి నాదాలు, ఒక్క బృందం

సులూర్ ఒంటరి వాద్యం. కాని బస్తరు నాదాలు అనేకం. గేదె కొమ్ముతో చేసే అకుమ్, నోటితో ఊదే మొహరీ, కుండపై చేటను బోర్లించి వింటి బద్దను రాపాడించే ధన్‌కుల్, దండామి మాడియా స్త్రీలు నేలపై తాటించే గజ్జెల ఇనుపకోల — ఇవి ఒక్కొక్క తెగకు, ఒక్కొక్క సందర్భానికి చెందినవి. ఒక తెగ వాద్యాన్ని మరొక తెగవారు వాయించే ఆచారం అరుదు.

వీటన్నిటినీ ఒకచోట చేర్చిన వ్యక్తి అనూప్ రంజన్ పాండే. బిలాస్‌పూర్‌కు చెందిన ఆయన హబీబ్ తన్వీర్ ‘నయా థియేటర్’లో నటుడు. ఊరూరా తిరిగి మరుగునపడుతున్న వాద్యాలను సేకరించి, ఆయా తెగల కళాకారులతోనే ‘బస్తర్ బ్యాండ్’ను కూర్చాడు. 2019లో ఆయనకు పద్మశ్రీ లభించింది. వాద్యాన్ని గాజుపెట్టెలో పెట్టడం కాక దానిని వాయించే మనిషితో సహా వేదికపైకి తేవడమే ఈ ప్రయత్నంలోని విశేషం.

తెలుగువారికి ఇది పరాయి గాథ కాదు. ఇంద్రావతి వచ్చి కలిసేది మన గోదావరిలోనే. బస్తరు రాజవంశం తన మూలాలను ఓరుగల్లు కాకతీయులలో చెప్పుకొన్నది. భద్రాచలం మన్యంలోని కోయల కొమ్ము నృత్యం బస్తరు నృత్యానికి తోబుట్టువు. మణుగూరు ప్రాంతపు కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల గాథను పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024లో మరణించాడు. అట్టి ఒక్క గొంతు మూగవోతే, దానితోపాటు పోయే కథలెన్నో లెక్కకట్టడం సాధ్యం కాదు.

నిలిచేది ఏది?

నేడు ఘోటుళ్ళు పలుచబడ్డాయి. బడులు, వలసలు, బయటివారి చిన్నచూపు, దశాబ్దాల సాయుధ సంఘర్షణ — అన్నీ కలిసి సాయంకాలపు ఆటలను తగ్గించాయి. మరోవంక సులూర్ పట్టణ విపణులలో అలంకార వస్తువుగా అమ్ముడవుతున్నది. గోడకు తగిలించిన సులూర్ అందంగానే ఉంటుంది. కాని మౌనంగా ఉంటుంది.

గానముద్రికలో భద్రపరచిన ట్రాంబోన్ పాటను యాభై ఏళ్ళ తరువాత శుద్ధిచేసి వినవచ్చు. సులూర్‌ను అట్లా దాచడానికి వీలులేదు. దాని పాటలో సగం వెదురుది, సగం ఊపే చేతిది. పండీరామ్ వంటివారు కొత్త తరానికి నేర్పుతున్నది ఒక వస్తువును చేయడం మాత్రమే కాదు, ఆ చేతి ఊపును కూడా. పురస్కారం శిల్పిని గౌరవిస్తుంది. వాద్యాన్ని బ్రతికించేది మాత్రం దానిని చేతబట్టి నడిచే మనిషే. అడవి బాటన అట్టి మనిషి ఒక్కడున్నంతకాలం గాలికి పాట కరువు కాదు.