పేటెంటు వుందంటే నెంబరు అడగండి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పేటెంటు అన్న మాట మనకు కొత్తదేం కాదు. మందుల షాపుకు వెళ్ళి "పేటెంటు మందు" అంటాం. ఒకావిడ ప్రతి పేరంటంలోనూ అదే పాట పాడుతుంటే, "ఆ పాట ఆవిడ పేటెంటులెండి" అని నవ్వుకుంటాం. గిన్నె మూత మీద "పేటెంటెడ్" అని వున్న ముక్క చూపించి దుకాణదారు నాలుగు డబ్బులు ఎక్కువ చెపితే, నిజమే కాబోలని ఇచ్చేస్తాం. కాని ఆ పేటెంటు అసలు వుందా, వుంటే ఏనాటిది, ఇంకా చెల్లుతోందా అన్నది మనంతట మనం చూసుకోవచ్చునని ఎంతమందికి తెలుసు?

"అదంతా వకీళ్ళ గొడవ, మనకెందుకమ్మా" అనకండి. ఈ రోజుల్లో ఇంటిపట్టున వుండి ఏదో ఒకటి చేసి అమ్ముకొంటున్న ఆడవాళ్ళు వీధికి ఇద్దరున్నారు. మీరు లేతు పనివాడి చేత ఓ అప్పడాల మర చేయించుకొని, పదిమందికి పని ఇస్తున్నారనుకోండి. ఒకనాడు పోస్టులో నోటీసు వస్తుంది. "ఈ మర మాకు పేటెంటు. వెంటనే ఆపెయ్యండి, లేకపోతే నష్టపరిహారం కట్టండి" అని. అలాంటప్పుడు భయపడి మర మూలపడేసే వాళ్ళే ఎక్కువ. ఇంకో యింట్లో తాతగారి ట్రంకుపెట్టెలో పేటెంటు కాగితం దొరుకుతుంది. ఎవరో పెద్దమనిషి వచ్చి, "కొంచెం సొమ్ము ఖర్చుపెడితే దీన్ని తిరగదోడి లక్షలు ఇప్పిస్తాను" అంటాడు. ఈ రెండు ఇళ్ళవాళ్ళూ చేయవలసిన మొదటి పని ఒక్కటే: పాత రికార్డు చూసుకోవడం.

పేటెంటు అంటే రహస్యం అని చాలామంది అనుకొంటారు. నిజానికి పూర్తిగా దానికి వ్యతిరేకం. కొత్త వస్తువు కనిపెట్టినవారికి కొన్నేళ్ళపాటు దానిమీద ఏకహక్కు ఇస్తానంటుంది ప్రభుత్వం. అందుకు బదులుగా, అది ఎలా చేశారో అరమరిక లేకుండా రాసి ఇవ్వాలంటుంది. ఆ రాసిచ్చిన కాగితాన్నే స్పెసిఫికేషన్ అంటారు. గడువు తీరాక అది ఊరందరి సొత్తు. అంటే ఈ రికార్డులు మనం చూడటానికే పెట్టారన్నమాట.

ఇక వెతకడం ఎలాగో చెప్పుకొందాం. ముందు కాలం తేల్చుకోవాలి. మన దేశంలో మొదటి చట్టం 1856లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 3న కలకత్తాలో జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిల్ ఇంజనీరు మొదటి దరఖాస్తు పెట్టారు. దేనికో తెలుసా? పంకా లాగే యంత్రానికి! కరెంటు లేని రోజుల్లో గుడ్డ పంకాను మనిషి కూర్చుని లాగేవాడు కదా, ఆ పని యంత్రం చేత చేయించడానికి. బ్రిటిష్ రాణి అనుమతి లేకుండా చేశారని ఆ చట్టాన్ని 1857లో రద్దుచేసి, 1859లో మరొకటి తెచ్చారు. అప్పట్లో దీన్ని పేటెంటు అనక "ప్రత్యేక హక్కు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు వాడేవారు. కనుక అంత పాతవాటిలో పేటెంటు అన్న మాటకోసమే చూస్తే దొరక్కపోవచ్చు.

తరువాత 1911 నాటి చట్టం. పేటెంట్ల కంట్రోలరు పదవి దానితోనే ఏర్పడింది. 1912 నుంచి పేటెంట్లకు వరస నెంబర్లు సాగాయి. మూడవది 1970 చట్టం. అది 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చింది. మీ కాగితం ఏ చట్టం కిందిదో తెలిస్తే సగం పని అయినట్టే.

నిజాం రాజ్యంలోని వాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ ఇండియా చట్టం హైదరాబాదు సంస్థానంలో చెల్లేది కాదు. కాబట్టి ఆ కాలపు హైదరాబాదు వ్యవహారమైతే కలకత్తా రికార్డుతో సరిపెట్టుకోకుండా, తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో కూడా అడగాలి. బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం వాళ్ళకు ఆ పేచీ లేదు. అవి మద్రాసు రాష్ట్రంలోనివి.

కాలం తేలాక చూడవలసిన పెద్ద పుస్తకం భారత ప్రభుత్వ గెజెట్. స్వాతంత్ర్యం వచ్చాక దాని భాగాల అమరిక ఇలా వుంది. మూడవ భాగం, రెండవ సెక్షన్ పూర్తిగా పేటెంట్ ఆఫీసుది. వారం వారం శనివారం తేదీతో వచ్చేది. అంతకుముందువైతే అమరిక వేరుగా వుంటుంది. మొదటి పేజీలోని విషయసూచిక చూసి పేటెంట్ ఆఫీసు ప్రకటనలు ఎక్కడున్నాయో పట్టుకోవాలి. 2005 జనవరి నుంచి గెజెట్ బదులు పేటెంట్ ఆఫీసు వారి సొంత జర్నల్ వస్తోంది, అది కంప్యూటర్లో దొరుకుతుంది. పాత గెజెట్లు కలకత్తా నేషనల్ లైబ్రరీలోను, మద్రాసు కన్నెమరా లైబ్రరీలోను వెతకవచ్చు. మన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూడా వాకబు చేయండి. గెజెట్ అని వూరికే అనకండి, "మూడవ భాగం, రెండవ సెక్షన్" అని చెప్పండి. అడగందే అమ్మయినా పెట్టదు. సరిగ్గా అడిగితేనే లైబ్రేరియను సరైన బైండు తెచ్చి ఇస్తాడు.

బైండు తెరిస్తే అంతా సన్న అచ్చు. బెదరకండి. అందులో వుండేవి కొన్ని జాబితాలే. కొత్తగా వచ్చిన దరఖాస్తులు ఒక జాబితా. పరీక్షచేసి అంగీకరించిన స్పెసిఫికేషన్లు ఒకటి. సీలువేసి ఇచ్చిన పేటెంట్ల నెంబర్లు మరొకటి. ఏటేటా కట్టవలసిన రుసుము కట్టినవి, కట్టక రద్దయినవి వేరువేరుగా. కొన్ని సంచికల చివర దరఖాస్తుదారుల పేర్ల పట్టిక నెలవారీగా వుంటుంది. నెంబరు తెలియనివారికి ఆ పట్టికే దిక్కు.

1970 చట్టం కిందివైతే దరఖాస్తు నెంబరు ఓ అంకె, గీత, మూడక్షరాలు, గీత, సంవత్సరం ఇలా వుంటుంది. సి.ఎ.ఎల్. అంటే కలకత్తా, ఎం.ఎ.ఎస్. అంటే మద్రాసు, బి.ఓ.ఎం. బొంబాయి, డి.ఇ.ఎల్. ఢిల్లీ. మనవాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా మద్రాసువే. ఇది దరఖాస్తు నెంబరు మాత్రమే సుమా! స్పెసిఫికేషన్ అంగీకరించాక వచ్చే పేటెంటు నెంబరు వేరు. అంగీకరించిన చోట వస్తువు పేరు, దరఖాస్తుదారు, కనిపెట్టినవారు, తేదీలు, స్పెసిఫికేషన్ ఎన్ని పేజీలు, బొమ్మలు ఎన్ని షీట్లు, అన్నీ వుంటాయి. ఆ నెంబరు దొరికిందా, తీగ లాగితే డొంకంతా కదిలినట్టే.

పేర్ల దగ్గరే మన తెలుగువాళ్ళకు పెద్ద చిక్కు. మనకు ఇంటిపేరు ముందు. ఇంగ్లీషు పట్టిక రాసేవాడికి చివరి మాటే ఇంటిపేరు. కనుక మీ తాతగారు "రావు"ల్లో వుండవచ్చు, "శాస్త్రి"లో వుండవచ్చు, "మూర్తి"లో వుండవచ్చు. ఇంటిపేరు కిందా చూడండి, అసలు పేరు కిందా చూడండి, చివరి మాట కిందా చూడండి. శాస్త్రి అన్న మాటను ఇంగ్లీషులో ఎస్ పక్కన హెచ్ పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు రాస్తారు. చివర ఐ ఒకరిది, వై ఒకరిది. లక్ష్మి అన్న పేరు కె, ఎస్‌లతోను వస్తుంది, ఎక్స్‌తోను వస్తుంది. ఆడవారి పేరయితే పుట్టింటి పేరుతో ఒకసారి, అత్తింటి పేరుతో ఒకసారి చూడాలి. ఏ పేరూ దొరక్కపోతే కంపెనీ పేరుతో చూడండి. ఉద్యోగంలో వుండగా కనిపెట్టినవి తరచు కంపెనీ పేరుమీదే వుంటాయి.

మందు, సబ్బు, రంగు, నూనె లాంటివయితే మరో దారి వుంది. "కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్" అని అమెరికాలో 1907 నుంచి అచ్చయిన పెద్ద సంపుటాలున్నాయి. దేశదేశాల రసాయన పరిశోధనలతో పాటు మన దేశపు పేటెంట్ల సారాంశాలు కూడా వేశారు. రచయిత పేరుతోను, వస్తువు పేరుతోను, పేటెంటు నెంబరుతోను వేరువేరు సూచికలున్నాయి. 2010తో వాటి అచ్చు ఆగిపోయింది. కాని పాత సంపుటాలకోసం సైన్సు శాఖలున్న విశ్వవిద్యాలయాల లైబ్రరీలలో అడగవచ్చు. అక్కడ నెంబరు, తేదీ పట్టుకొని గెజెట్‌కు వస్తే ఏళ్ళ తరబడి బైండ్లు తిరగెయ్యక్కర్లేదు.

నెంబరు దొరికాక స్పెసిఫికేషన్ సంపాదించాలి. ఒకప్పుడు ఒక్కొక్కటి రెండు రూపాయలకు కలకత్తాలోని ప్రభుత్వ బుక్ డిపోలో అమ్మేవారు. ఇప్పుడైతే ముందు పేటెంట్ ఆఫీసు వారి వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. పాతవి అక్కడ కనబడకపోతే నెంబరు, సంవత్సరం రాసి పేటెంట్ ఆఫీసుకు అర్జీ పెట్టండి. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై ఆఫీసు కిందివే. నాగపూరులో 1980లో పెట్టిన పేటెంట్ సమాచార కేంద్రం కూడా ఇందుకోసం ఏర్పడిందే. ఒక పేటెంటు సంగతి తెలియజేయమని రుసుము కట్టి అడిగే హక్కు 153వ సెక్షన్ కింద ఎవరికైనా వుంది.

స్పెసిఫికేషన్ చేతికి వస్తే చివరి పేజీలు ముందు చదవండి. అక్కడ "క్లెయిములు" అని నెంబర్లు వేసి వుంటాయి. హక్కు వాటికే. పైన వర్ణించినదంతా కాదు. అప్పడాల మరలో ఒక్క స్ప్రింగు అమరికకే పేటెంటు వుండి, మీ మరలో ఆ స్ప్రింగే లేకపోతే, అది మీ జోలికి వచ్చేది కాదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. గెజెట్‌లో కనబడ్డ ప్రతిదీ బతికి వున్నట్టు కాదు. దరఖాస్తు పెట్టారంటే పేటెంటు వచ్చినట్టు కాదు. స్పెసిఫికేషన్ అంగీకరించారంటే సీలు వేసినట్టు కాదు. సీలు వేశాక కూడా రుసుము కట్టకపోతే హక్కు పోతుంది. అన్నీ సవ్యంగా జరిగినా గడువు వుండనే వుంది. 1911 చట్టంలో మొదట 14 ఏళ్ళు, 1930 నుంచి 16 ఏళ్ళు. 1970 చట్టంలో మామూలు వస్తువులకు 14 ఏళ్ళు. మందు, ఆహారం తయారుచేసే పద్ధతులకు సీలు వేసిన నాటినుంచి 5 ఏళ్ళు, లేక పేటెంటు తేదీ నుంచి 7 ఏళ్ళు, ఏది ముందయితే అది. 2003 మే 20 నుంచి అన్నిటికీ 20 ఏళ్ళు. కనుక పేటెంటు తేదీ నుంచి ఇరవై ఏళ్ళు దాటినది ఏదైనా సరే, ఇవాళ చెల్లదు. తాతగారి కాగితాన్ని పటం కట్టి దాచుకోండి, అది మన ఇంటి గౌరవం. కాని దాన్ని తిరగదోడతానన్న వాడికి పైసా ఇవ్వకండి. రుసుము కట్టక పోయినదాన్ని నిర్ణీత గడువులో పునరుద్ధరిస్తారే గాని, కాలం తీరిపోయినదాన్ని ఎవరూ బతికించలేరు.

మరి చచ్చిపోయిన పేటెంటుతో పనేముంది అంటారేమో. చాలా వుంది. పసుపు కథ చూడండి. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన నాయనమ్మలకు వెన్నతో పెట్టిన విద్య. అయినా 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడటంమీద పేటెంటు ఇచ్చేశారు. "ఇది మా దేశంలో అందరికీ తెలుసు" అంటే అప్పటి అమెరికా చట్టం వినదు. పరాయి దేశంలోనిదైతే అచ్చులో చూపించమంటుంది. మన సి.ఎస్.ఐ.ఆర్. వారు 32 ఆధారాలు పోగుచేశారు. పాత సంస్కృత గ్రంథాలతో పాటు, భారత వైద్య సంఘం పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసం కూడా అందులో వుంది. 1997లో ఆ పేటెంటు కొట్టేశారు. బీరువాలో దుమ్ముకొట్టుకొన్న ఓ పత్రిక మన పసుపుకొమ్మును కాపాడిందన్నమాట.

ఇంట్లో చిన్న పరిశ్రమ నడిపేవారికీ ఇదే సూత్రం. మీకు నోటీసు ఇచ్చినవారి పేటెంటు కొత్తదే కావచ్చు. కాని సరిగ్గా అదే అమరిక 1960లలోని ఓ స్పెసిఫికేషన్‌లో వుంటే, వారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదని చూపించి దాన్ని ఎదిరించవచ్చు. పేటెంటు ఇచ్చినట్టు ప్రకటించిన ఏడాదిలోపు అయితే పేటెంట్ ఆఫీసులోనే అభ్యంతరం చెప్పవచ్చు. ఆ తరువాత హైకోర్టు. అప్పుడు వకీలు ఎలాగూ కావాలి. వట్టి చేతులతో కాకుండా కాగితం పట్టుకొని వెళితే, ఆయన పనీ తేలిక, మన ఖర్చూ తక్కువ.

ఒక్క హెచ్చరిక. పేటెంటు వేరు, ట్రేడ్ మార్కు వేరు. పేరు, గుర్తు లాంటివి ట్రేడ్ మార్కులు. వాటిని పదేళ్ళకోసారి పొడిగించుకొంటూ ఎన్నాళ్ళయినా వుంచుకోవచ్చు. పాత పేటెంటు ప్రకారం వస్తువు చేసుకోవచ్చు గాని, ఇంకొకరి పేరు దానిమీద వేయకూడదు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లాయిలూ, ఎవరైనా పేటెంటు అన్నారంటే కోపగించుకోనూ వద్దు, హడలిపోనూ వద్దు. "నెంబరెంతండీ?" అని మర్యాదగా అడగండి. వస్తువు మీద పేటెంటు అన్న మాట వేసి నెంబరు వెయ్యకపోతే, ఆ మాటను బట్టి ఎదుటివారికి సంగతి తెలిసినట్టు లెక్క కాదని 111వ సెక్షన్ చెపుతోంది. లేని పేటెంటు వుందని చెప్పుకొంటే జరిమానా కూడా వుంది. ఆధారం లేని బెదిరింపులు ఆపించమని 106వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళే హక్కు మనకుంది. నెంబరు చెప్పారా, రాసుకోండి. తేదీ చూడండి, రుసుము కట్టారో లేదో చూడండి, క్లెయిములు చదవండి. బియ్యంలో రాళ్ళు ఏరడానికి వున్న ఓపికలో సగం చాలు.