ఎంటెక్‌ని అట్ట వైపు నుంచి చూస్తే

రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి పది నిమిషాలు నడిస్తే నా షాపు. జెరాక్స్, ప్రింటింగ్, స్పైరల్, హార్డ్ బైండింగ్. 2019 నవంబరులో మెట్రో ఇక్కడి దాకా వచ్చాక గిరాకీ పెరిగింది. పగలంతా ఆధార్ కాపీలు, రెంటల్ అగ్రిమెంట్లు. సాయంత్రమైతే మెడలో కంపెనీ ట్యాగులతో పిల్లలొస్తారు. ఎండాకాలం చివర్లో మాత్రం వీళ్లందరినీ పక్కకు నెట్టి ఎంటెక్ వాళ్లు దిగుతారు. "అంకుల్, ఎల్లుండి వైవా. నాలుగు కాపీలు, నల్ల రెక్సిన్, గోల్డ్ అక్షరాలు. ఎట్లైనా ఇయ్యాలె."

నేను చదివింది బీకాం. అయినా కంప్యూటర్ సైన్సులో పీజీ అంటే ఏమేం కావాలో నాకు బాగానే తెలుసు. చేరేముందు సర్టిఫికెట్ల జెరాక్స్ నా దగ్గరే, పోయేముందు థీసిస్ నా దగ్గరే. ఎంట్రన్సు గురించి ఇంటింటా చర్చ ఉంటుంది. ఆ చివరి పుస్తకం గురించి చేరకముందే అడిగినవాళ్లు మాత్రం నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు.

చేరే సంగతి తొందరగా చెప్పేస్తా. బీటెక్‌లో 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 45. గేట్ రాస్తే 100 మార్కులు, మూడు గంటలు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అది రానివాళ్లకి మన రాష్ట్రంలో పీజీఈసెట్, 120 ప్రశ్నలు, రెండు గంటలు. సీట్ల పంపకంలో గేట్ వాళ్లదే ముందు వరుస. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి దాని సొంత పరీక్ష వేరే ఉంది. బీకాంలు, బీఎస్సీలు చేసినవాళ్లు ఐసెట్ రాసి ఎంసీఏలో చేరతారు. లెక్కలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో చదివి ఉండాలి. ఒకప్పుడు మూడేళ్ల కోర్సు, 2020 నుంచి రెండేళ్లే.

అసలు కథ చేరాక మొదలవుతుంది. మా అక్క కూతురు ఎంటెక్‌లో చేరిన వారం సిలబస్ పుస్తకం ప్రింటుకి తెచ్చింది. పేజీలు లెక్కపెడుతూ అడిగాను, ఈ ఎల్, టీ, పీ, సీ ఏంటి బిడ్డా అని. స్టూలు మీద కూర్చుని చెప్పింది. సీ అంటే క్రెడిట్ మామా. వారానికి ఒక గంట పాఠం సెమిస్టరంతా వింటే ఒక క్రెడిట్. ల్యాబైతే రెండు గంటలకి ఒకటి. ఇట్లా మొత్తం 68 పోగు చేస్తేనే డిగ్రీ.

68 అనేది ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబస్‌లో ఉన్న అంకె. మన జేఎన్‌టీయూ కూడా అదే పట్టుకుంది. నమూనా ప్రకారం మొదటి రెండు సెమిస్టర్లకి 18 చొప్పున, తర్వాతి రెండింటికి 16 చొప్పున. అడ్వాన్స్‌డ్ డేటా స్ట్రక్చర్స్, అల్గారిదమ్స్, వాటి ల్యాబులు మొదటి ఏడాదిలోనే అయిపోతాయి. ఆడిట్ కోర్సులని రెండుంటాయి, వాటికి క్రెడిట్లు సున్నా. ఆ జాబితా చూస్తే నాకు నవ్వొచ్చింది: సంస్కృతం, యోగా, విపత్తుల నిర్వహణ, రాజ్యాంగం. కంప్యూటర్ చదవబోయి యోగా చదువుడేంది అంటే, "ముందు ముందు అదే అక్కరకొస్తది మామా" అంది.

నిజమే చెప్పింది. రెండో ఏడాది పట్టిక నా కళ్లలో ఇంకా మెదులుతోంది. డిసర్టేషన్ మొదటి దశ, వారానికి 20 గంటలు, 10 క్రెడిట్లు. రెండో దశ, వారానికి 32 గంటలు, 16 క్రెడిట్లు. రెండూ కలిపితే 26. అంటే డిగ్రీలో మూడో వంతు కంటే ఎక్కువ ఈ ఒక్క పుస్తకమే. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఎంటెక్‌తో పాటు ఎంఎస్ బై రీసెర్చ్ అని ఇంకోటి ఉంది, అక్కడైతే పరిశోధనే ప్రాణం.

సరిగ్గా ఆ రెండో ఏడాదిలోనే మన పిల్లలు ఉద్యోగాల్లో పడతారు. అందుకు వాళ్లను తప్పుపట్టను, ఇంటి అప్పులు ఎవరివి వాళ్లకుంటాయి. కానీ వారానికి 32 గంటల పనిని చివరి రెండు వారాల్లో కుక్కితే ఏమవుతుందో నా షాపులో కనిపిస్తుంది. పోయినసారి ఒక పిల్లాడు థీసిస్‌తో పాటు, ఇతరుల రాతలతో అది ఎంత కలిసిందో చెప్పే పోలికల రిపోర్టు ప్రింటుకిచ్చాడు. పైన 38 శాతం. రంగు ప్రింటు కదా, పేజీ పేజీకి ఎర్ర గీతలు. "ఇది బైండింగ్ చేయిస్తే తీసుకుంటారా అంకుల్?" అని నన్నే అడిగాడు.

యూజీసీ 2018 నిబంధనల్లో దీనికి మెట్లున్నాయి. పోలిక 10 శాతం లోపుంటే ఏమీ అనరు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు ఇచ్చిన గడువులో తిరగరాసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వడానికే లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా 14 మాటల దాకా అనుకోకుండా కలిస్తే లెక్కలోకి రాదు. ఆ పిల్లాడి డబ్బులు తీసుకోకుండా వెనక్కి పంపాను. నెలన్నర తర్వాత మళ్లీ వచ్చాడు, పుస్తకం సన్నబడింది.

ఇంకో ముచ్చట హాజరు. జేఎన్‌టీయూలో 75 శాతం కావాలి. ఆరోగ్యం బాగాలేదని కాగితం పెడితే 65 దాకా సర్దుబాటు చేస్తారు. రెండేళ్ల కోర్సుని నాలుగేళ్లలోపు ముగించాలి. ఆ తర్వాత బతిమాలినా లాభం లేదు.

అమెరికా వెళ్లేవాళ్లు కూడా నా గిరాకీయే. 2023 మార్చిలో కాన్సులేట్ బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకి వచ్చింది కదా, ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే తండ్రీకొడుకులు బ్యాంకు కాగితాలతో నా షటర్ ముందు నిలబడతారు. అక్కడ ఎంఎస్ చాలా చోట్ల 30 క్రెడిట్లు, అంటే పది సబ్జెక్టులు. థీసిస్ ఇష్టముంటే రాయొచ్చు, లేదంటే లేదు. కానీ సగటు గ్రేడు 4కి 3 కన్నా తగ్గకూడదు. మన మూడేళ్ల డిగ్రీ వాళ్లను కొన్ని యూనివర్సిటీలు తీసుకోవు, 16 ఏళ్ల చదువు అడుగుతాయి. యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం ప్రింటు తీసేటప్పుడు కోర్సు పేరు పక్కనున్న కోడ్ చూసుకొమ్మని నేనే చెప్తాను. కంప్యూటర్ సైన్స్ అయితే 11.0701. చదువయ్యాక ఏడాది పని చేసుకోనిస్తారు. ఇంకో 24 నెలలు దొరకాలంటే కోర్సు కోడ్ వాళ్ల స్టెమ్ జాబితాలో ఉండాలి. కోర్సు పేరులో కంప్యూటర్ అనే మాట ఉంటే చాలనుకుంటారు, చాలదు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నాలుగేళ్ల కింద ఒకమ్మాయి ఫోన్లో చెప్పిన గైడ్ పేరు తప్పు విన్నాను. నాలుగు అట్టల మీదా తప్పు పేరే బంగారు రంగులో తళతళలాడింది. రాత్రి పది గంటలకి అట్టలు చీల్చి, మళ్లీ జిగురు పెట్టి, కొత్త రెక్సిన్ తొడిగాను. ఆమె స్టూలు మీదే కునికింది. మళ్లీ అతికించిన పుస్తకానికి వెన్ను అంత గట్టిగా నిలబడదు.

కాబట్టి చేరేముందే ఆ కాలేజీ నిబంధనల పుస్తకం చివరి పేజీలు తెరిచి చూడండి: డిసర్టేషన్‌కి ఎన్ని క్రెడిట్లు, రివ్యూలు ఎన్ని, పోలిక ఎంత దాకా ఒప్పుకుంటారు, ఎడమ మార్జిన్ ఎంత. మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదలకపోతే కుట్టులో మీ అక్షరాలు పోతాయి. జూన్‌లో నా షాపు రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది. గైడ్ పేరు మాత్రం ఫోన్లో చెప్పకండి, కాగితం మీద రాసి తీసుకురండి.